డాక్టర్ కల్లం అంజిరెడ్డి గారి వర్ధంతి సభలో విద్యార్థులకు ఏం చెప్పాలి?

ప్రశ్న: రసాయనశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు

అందరికీ నమస్కారం. మార్చి 15వ తేదీ డాక్టర్ కల్లం అంజిరెడ్డి గారి వర్ధంతి. ఆ రోజు మా కళాశాలలో సంస్మరణ సభ జరపాలని యాజమాన్యం నిర్ణయించింది. నేను రసాయనశాస్త్రం బోధిస్తాను కాబట్టి ప్రధాన ప్రసంగం చేసే బాధ్యత నాకు అప్పగించి, ఇరవై నిమిషాల సమయం ఇచ్చారు. వినేవారు ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులు. 2013లో ఆయన హైదరాబాద్‌లో కన్నుమూసేనాటికి వీరిలో చాలామంది ఇంకా అక్షరాలు దిద్దుకుంటున్న పిల్లలు. ఆయన పేరు వారికి మాత్రల స్ట్రిప్పు మీద అచ్చయిన కంపెనీ పేరుగానే తెలుసు. ఆ పేరు వెనుక మన కృష్ణ ఒడ్డున, విజయవాడకు ఎదురుగా ఉన్న తాడేపల్లిలో పసుపు పండించిన రైతు ఇంట్లో పుట్టిన మనిషి ఒకరు ఉన్నారని వారిలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

ఇలాంటి సభలు నేను చాలా చూశాను. చిత్రపటానికి దండ వేస్తారు, జ్యోతి వెలిగిస్తారు, 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్ అని పురస్కారాల జాబితా చదువుతారు, గొప్ప దార్శనికుడు, మహాదాత అంటారు. ఆ ప్రసంగంలో పేరొక్కటి మార్చితే మరో వర్ధంతి సభకు కూడా సరిపోతుంది. అలాంటి ప్రసంగం చేయడానికి నాకు మనసొప్పడం లేదు. ఆయన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బీఎస్సీ చదివారు. మా విద్యార్థులు రోజూ బస్సులో ఆ కళాశాల ముందునుంచే వస్తారు. ఇంత దగ్గరి మనిషి గురించి ఆకాశంలో ఉన్న నక్షత్రం గురించి చెప్పినట్టు చెప్పడం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

అందువల్ల మూడు విషయాల్లో మీ సాయం కోరుతున్నాను. మందుల తయారీలో ఆయన తరం చేసిన పనిని ఇంటర్ పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? ఆయన సేవాకార్యక్రమాల్లో వేటి గురించి దగ్గరనుంచి చూసినవారు మీలో ఉన్నారు? చివరిదే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న సందేహం. ఫలించని ప్రయత్నాలను, ఆ పరిశ్రమ మీద వచ్చిన విమర్శలను సంస్మరణ సభలో ప్రస్తావించవచ్చా? చచ్చినవాడి కండ్లు చారెడు అన్న సామెత నాకు తెలుసు. పిల్లల ముందు ఆ పని చేయకూడదని నా కోరిక. అలాగని ఆయన పట్ల అగౌరవం కూడా కలగకూడదు.

జవాబు: విశ్రాంత ప్రాసెస్ కెమిస్టు, బాలానగర్, హైదరాబాద్

మాస్టారూ, మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. నేను ఆయన కంపెనీలో ఎన్నడూ పనిచేయలేదు. అయితే 1978 నుంచి బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల్లోని బల్క్ డ్రగ్ యూనిట్లలోనే, అంటే మాత్రల్లోకి వెళ్ళే అసలు మందు పదార్థాన్ని తయారుచేసే కార్ఖానాల్లోనే, నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఆయన నడిచిన దారి పక్కనే నడిచినవాడిగా మీ మొదటి సందేహానికి కొంత వివరంగా జవాబు చెప్పడానికి అనుమతించండి.

ముందుగా, అంజిరెడ్డి గారు 1984లో ఉన్నట్టుండి ఒక కంపెనీ పెట్టి విజయం సాధించారన్నట్టు కథ మొదలుపెట్టకండి. ఆయన గుంటూరు తరువాత బొంబాయిలోని మాతుంగాకు వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయపు కెమికల్ టెక్నాలజీ విభాగంలో ఔషధాలు, ఫైన్ కెమికల్స్ చదివారు. పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో కెమికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేటు చేసి, 1969లో హైదరాబాద్ బాలానగర్‌లోని ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ (ఐడీపీఎల్)లో చేరారు. ఐడీపీఎల్ ప్రభుత్వరంగ సంస్థ, సోవియట్ యూనియన్ సాంకేతిక సాయంతో నిలిచిన సంస్థ. ఈనాడు హైదరాబాద్‌ను మందుల తయారీకి రాజధాని అంటున్నారంటే దానికి మొదటి నారుమడి ఆ ప్రాంగణమే. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు, ఇంజనీర్లు బయటికి వచ్చి ఒకరి తరువాత ఒకరు సొంత యూనిట్లు పెట్టారు. అంజిరెడ్డి గారు 1975 వరకు అక్కడ పనిచేసి, తరువాత భాగస్వాములతో యూనిలాయిడ్స్, 1980 నుంచి స్టాండర్డ్ ఆర్గానిక్స్ నడిపి, ఆ అనుభవంతో 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. తన పేరుతో కంపెనీ పెట్టేనాటికి ఆయన చేతికి పదిహేనేళ్ళ కార్ఖానా అనుభవం ఉంది. ప్రజల పన్నుల డబ్బుతో నడిచిన ప్రభుత్వ సంస్థ ఒక రైతుబిడ్డకు ఏం ఇవ్వగలిగిందో మీ విద్యార్థులు వినాలి. సభల్లో ఈ మాట ఎవరూ చెప్పరు, అందుకే నొక్కి చెబుతున్నాను.

ఇక రసాయనశాస్త్రం విషయానికి వస్తాను. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమలులోకి వచ్చింది. మందుల విషయంలో ఆ చట్టం తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది, తయారైన పదార్థానికి ఇవ్వలేదు. పిల్లలకు నేనైతే ఇలా చెబుతాను: గుంటూరునుంచి హైదరాబాద్‌కు మిర్యాలగూడ మీదుగా వెళ్ళవచ్చు, విజయవాడ, సూర్యాపేటల మీదుగానూ వెళ్ళవచ్చు. ఒక దారి మీద ఎవరికైనా హక్కు ఉంటే ఉండవచ్చుగాని, హైదరాబాద్ మీద ఎవరికీ హక్కు లేదు. 2005లో చట్టం మారేవరకు, అదే మందుకు మరో దారి వెతికి చేరుకున్నవాడిని ఎవరూ ఆపలేకపోయేవారు. ఇక ఆ దారి వెతకడమే మా పని అయింది. పరిశోధన పత్రికల్లో అచ్చయిన చర్యలను చదవడం, మనకు దొరకని ముడిసరుకు స్థానంలో దొరికేది పెట్టి చూడటం, గాజు ఫ్లాస్కులో వచ్చిన ఫలితం రెండువేల లీటర్ల రియాక్టర్‌లో ఎందుకు రావడం లేదో రాత్రిపూట షిఫ్టులో నిలబడి తెలుసుకోవడం, ఇవన్నీ ఆ పనిలో భాగాలు. యూనిలాయిడ్స్‌లో చేసిన మెట్రోనిడజోల్ జిగట విరేచనాలకు వాడే మందు. స్టాండర్డ్ ఆర్గానిక్స్‌లో చేసిన సల్ఫామెథాక్సజోల్ ఆ రోజుల్లో ప్రభుత్వాసుపత్రుల్లో ఇన్ఫెక్షన్లకు నిత్యం రాసే, రెండు మందులు కలిపిన మాత్రలో ఒకటి. ఇవి పేదవాడి ఇంటికి అవసరమైన మందులు.

దిగుబడి లెక్క ఒకటి నల్లబల్ల మీద వేసి చూపించండి. ఒక మందు ఐదు దశల్లో తయారవుతుందనుకోండి. ఒక్కొక్క దశలో 80 శాతం దిగుబడి వస్తే చివరికి చేతికి అందేది 33 శాతం కూడా ఉండదు. అదే దశకు 90 శాతం సాధిస్తే చివరికి 59 శాతం మిగులుతుంది. ముడిసరుకు అంతే, ఆవిరి అంతే, కూలీ అంతే, మందు మాత్రం దాదాపు రెట్టింపు. ధర తగ్గడమంటే దుకాణదారుడు దయతలచి తగ్గించడమని పిల్లలు అనుకుంటారు. ఆ తగ్గుదల రియాక్టర్ దగ్గర, ఫిల్టర్ దగ్గర, ఒక్కొక్క శాతం చొప్పున ఎలా పుట్టిందో వారికి ఈ లెక్క చెబుతుంది. రక్తపోటుకు వాడే మెథైల్‌డోపాతో మొదలైన డాక్టర్ రెడ్డీస్ ఆ తరువాత ఇన్ఫెక్షన్లకు వాడే నార్‌ఫ్లాక్ససిన్, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ (ఒమెజ్) మందులను దేశంలోని సాధారణ కుటుంబాలకు అందించింది కూడా ఈ నైపుణ్యంతోనే. ఒమెజ్ అనే పేరు తెలియని తెలుగిల్లు ఈ రోజు ఉందా? మీ విద్యార్థుల తాతయ్యల దిండు కింద ఉన్న ఆ స్ట్రిప్పునుంచే మీరు ప్రసంగం మొదలుపెట్టవచ్చు.

మీ మూడో సందేహం గురించి కూడా నా అభిప్రాయం చెబుతాను. ఫలించని ప్రయత్నాలను తప్పక చెప్పండి. ఉన్న మందును చవకగా చేయడంతో ఆయన తృప్తిపడలేదు. మన దేశంలోనే కొత్త మందు కనిపెట్టాలన్న పట్టుదలతో 1993లో పరిశోధన సంస్థను ప్రారంభించారు. మధుమేహానికి పనికివస్తుందనుకున్న ఒక కొత్త అణువును 1997లో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌కు తదుపరి పరీక్షల కోసం అప్పగించారు. తాను కనిపెట్టిన అణువుకు ఒక విదేశీ సంస్థనుంచి అలాంటి ఒప్పందం పొందిన మొదటి భారతీయ కంపెనీ అదే. ఆ వార్త వచ్చిననాడు పోటీ కంపెనీలో ఉన్న మేము కూడా మిఠాయి పంచుకున్నాం. ఆ అణువు చివరికి మందుగా మార్కెట్‌లోకి రాలేదు. దాని తరువాత అదే సంస్థకు ఇచ్చిన మరో అణువు మీద పరీక్షలు 2002లో ఆగిపోయాయి. జంతువులకు ఇచ్చినప్పుడు మూత్రాశయంలో కణుతులు కనిపించడమే అందుకు కారణం. అలా ఆపివేయడం సరైన పనే. మందు కనిపెట్టడం ఎంత కష్టమో, రోగి భద్రత ముందు ఎంతటి ఆశనైనా ఎందుకు పక్కన పెట్టాలో ఆ ఉదాహరణ చెప్పినంతగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. జపాన్‌ను మినహాయిస్తే ఆసియా పసిఫిక్ ప్రాంతపు మందుల కంపెనీల్లో మొదటిదిగా 2001లో డాక్టర్ రెడ్డీస్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి, ఆగిపోయిన ఆ అణువుల విషయానికి ఐదు నిమిషాలు కేటాయించండి.

జవాబు: విశ్రాంత ప్రభుత్వ ఉపాధ్యాయిని, హైదరాబాద్

మాస్టారుగారికి నమస్కారం. రసాయనశాస్త్రం నాకు తెలియదు. మీ రెండో ప్రశ్నకు మాత్రం నేను చూసిన సంగతి చెప్పగలను.

నేను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేశాను. 1995లో కేంద్రం మొదలుపెట్టిన పథకం కింద మా రాష్ట్రంలో పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. బియ్యం ఇచ్చే రోజున హాజరు నిండుగా ఉండేది. ఆ బియ్యం ఇంటికి చేరి కుటుంబం మొత్తం తింటే, బడికి వచ్చిన బిడ్డ మధ్యాహ్నం ఆకలితోనే ఉండేది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో అది అమలయింది. పల్లెల్లో డ్వాక్రా మహిళలు బడి ఆవరణలోనే పొయ్యి పెట్టి వండారు. నగరంలో మా బడుల సంగతి వేరు. మా పాఠశాల రెండు గదుల అద్దె ఇల్లు. పొయ్యి పెట్టడానికి చోటు లేదు, నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. ఆ పరిస్థితిలో, అంజిరెడ్డి గారు వ్యవస్థాపకుల్లో ఒకరైన నాంది ఫౌండేషన్ హైదరాబాద్‌లో కేంద్రీకృత వంటశాల ఏర్పాటు చేసి, వండిన భోజనాన్ని వాహనాల్లో బడులకు పంపడం మొదలుపెట్టింది.

మొదటి రోజున మూతపెట్టిన స్టీలు డబ్బాలు దించి తెరిచినప్పుడు అన్నంలోనుంచి ఆవిరి వచ్చింది. ఆ ఆవిరి చూసి రెండో తరగతి పిల్ల ఒకతె నా చెంగు పట్టుకుని, ‘రేపు కూడా వస్తుందా టీచర్?’ అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే మా బడికి అంతకుముందు వచ్చిన సాయాలన్నీ ఒక్కరోజు సాయాలే. ఎవరో పెద్దమనిషి పుట్టినరోజున పలకలు వచ్చేవి, మరొకరి పెళ్ళిరోజున అరటిపళ్ళు వచ్చేవి, ఫొటో తీసుకుని వెళ్ళేవారు. వంటబండి మాత్రం మరునాడూ వచ్చింది, ఆ మరునాడూ వచ్చింది, నేను పదవీ విరమణ చేసేవరకూ బడి నడిచిన ప్రతి రోజూ వస్తూనే ఉంది. ఆలస్యమైన రోజులు, సాంబారు పలచబడిన రోజులు ఉన్నాయి. అలాంటప్పుడు మేము రాసి పంపితే పట్టించుకునేవారు. సేవ అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఆ రోజుల్లో మారిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బియ్యం ప్రభుత్వానివి, భోజనానికి డబ్బు ప్రభుత్వానిది, ఆదేశం న్యాయస్థానానిది. నాంది 1998లో ఏర్పడినప్పుడు అంజిరెడ్డి గారితోపాటు మరికొందరు పారిశ్రామికవేత్తలు కూడా దాని వ్యవస్థాపకుల్లో ఉన్నారు. ‘ఆయన పిల్లలకు అన్నం పెట్టారు’ అని ఒక్క మాటలో చెప్పేస్తే వంటశాలలో తెల్లవారుజామున లేచి వండినవారి కష్టం, ఆ భోజనం పిల్లల హక్కు అన్న సత్యం రెండూ మరుగున పడతాయి. కంపెనీని నడిపినంత శ్రద్ధతో, జీతం తీసుకునే నిపుణులతో, లెక్కలతో ఒక ధార్మిక సంస్థ నడవాలన్న ఆలోచనకు ఆయన అండగా నిలబడ్డారు అని చెప్పండి. అదే నిజం, అదే పెద్ద ప్రశంస కూడా.

అంతకుముందే, 1996లో, ఆయన డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ ప్రారంభించారు. పనిలో ఉన్న పిల్లలను బడికి తేవడానికి ఆ సంస్థ హైదరాబాద్ పోలీసులతో కలిసి పనిచేసింది. 1999నుంచి ‘ల్యాబ్స్’ అనే పేరుతో, చదువు మధ్యలో ఆగిపోయిన యువతకు కొద్ది నెలల శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లో చేర్పించే కార్యక్రమం నడిపింది. మా బడిలో ఐదో తరగతి చదివి, పదో తరగతి తప్పి, ఇంట్లో కూర్చున్న ఒక అమ్మాయి అక్కడ శిక్షణ పొంది, ఒక పెద్ద దుకాణంలో బిల్లింగు కౌంటర్‌లో చేరింది. మొదటి జీతంతో నాకు ఒక జాకెట్టు ముక్క తెచ్చింది. మీ సభలో డిగ్రీ తరువాత ఏమిటన్న బెంగతో ఉన్న పిల్లలు ఉంటారు కదా, ఈ సంగతి వారికి నచ్చుతుంది.

జవాబు: పటాన్‌చెరు ప్రాంతవాసి

అధ్యాపకులకు నమస్కారం. ఈ చర్చలో నా మాట కొంచెం చేదుగా ఉండవచ్చు. ఎవరినీ నొప్పించాలని రాయడం లేదు. విమర్శలను ప్రస్తావించవచ్చా అని మీరే అడిగారు కాబట్టి రాస్తున్నాను.

మాది నక్కవాగు ఒడ్డున ఉన్న ఊరు. మా నాన్న చిన్నతనంలో ఆ వాగు నీళ్ళతో వరి పండేది. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో పరిశ్రమలు వచ్చిన తరువాత వాగు రంగు మారింది, వాసన మారింది. బావుల్లో నీళ్ళు తాగడానికి పనికిరాకుండా పోయాయి, గేదెలు ఆ నీళ్ళు ముట్టడం మానేశాయి. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. అది ఏళ్ళ తరబడి నడిచింది. నేను ఏ ఒక్క కంపెనీ పేరూ చెప్పడం లేదు. ఏ డ్రమ్ములోని నీళ్ళు ఎవరివో మాకు తెలిసే అవకాశమూ లేదు. బల్క్ డ్రగ్ యూనిట్లు, రంగుల యూనిట్లు, ఇంకా ఎన్నో కలిసి చేసిన నష్టం అది. చవక మందు దేశానికి అందినందుకు నాకూ గర్వమే. మా అమ్మ కూడా ఆ మాత్రలే వేసుకుంటుంది. అయితే ఆ చవకలో కొంత భాగం మా పొలం భరించింది. సంస్మరణ సభలో ఈ మాట చెప్పడం ఆయనకు అగౌరవమని నేను అనుకోను. రేపు కెమిస్టులు కాబోయే పిల్లలు ఎదురుగా కూర్చుని ఉంటారు. దిగుబడి లెక్క నేర్పినప్పుడు, దిగుబడిలోకి రాని మిగతాది ఎక్కడికి పోతుందో కూడా నేర్పండి అన్నదే నా విన్నపం.

జవాబు: విశ్రాంత ప్రాసెస్ కెమిస్టు, బాలానగర్

పటాన్‌చెరు మిత్రులు రాసింది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. వారు చెప్పింది నిజం. నా ఉద్యోగపు తొలి ఏళ్ళలో మదర్ లిక్కర్‌ను, అంటే మందు స్ఫటికాలు వడకట్టాక మిగిలే ద్రావణాన్ని, వ్యర్థంగానే చూశాం. దానిలోనుంచి సాల్వెంటును, అంటే కరిగించడానికి వాడిన ద్రవాన్ని, తిరిగి పట్టుకోవచ్చునని, ఉప్పులను వేరు చేయవచ్చునని, చుక్క నీరు కూడా బయటికి వదలకుండా యూనిట్ నడపవచ్చునని మాలో చాలామంది నేర్చుకున్నది న్యాయస్థానాలు, కాలుష్య నియంత్రణ అధికారులు గట్టిగా అడిగిన తరువాతే. ముందే నేర్చుకుని ఉండవలసింది. నేను పనిచేసిన చోట అడగవలసిన ప్రశ్నలు సమయానికి అడగలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మాస్టారూ, నేను ఇచ్చిన లెక్కకు ఒక సవరణ చేసుకోండి. ఐదు దశల్లో 33 శాతం వచ్చిందని రాసిన వెంటనే, మిగతా 67 శాతం ఎక్కడుంది అని పిల్లలనే అడగండి. వారే చెబుతారు. దశకు 90 శాతానికి తెచ్చుకున్నవాడు ధరతోపాటు వాగులోకి పోయే విషాన్ని కూడా తగ్గిస్తాడని అప్పుడు వివరించండి. అప్పుడు మా తరం చేసిన మంచి, చేయని మంచి రెండూ ఆ ఒక్క లెక్కలోనే ఉంటాయి.

జవాబు: కాఫీ రైతు కుటుంబం, పాడేరు

చిన్న సమాచారం మాత్రమే. మా మన్యంలో, అరకు చుట్టుపక్కల, ఆదివాసీ రైతులు కలిసి సహకార సంఘంగా ఏర్పడి కాఫీ పండించి అమ్ముకోవడంలో నాంది సంస్థ చాలా ఏళ్ళుగా తోడుంది. మొక్కకు ఎరువు ఎలా తయారు చేయాలి, పండు పూర్తిగా ఎర్రబడ్డాకే ఎందుకు కోయాలి అన్నవి మా నాన్న అక్కడి శిక్షణలోనే నేర్చుకున్నారు. అంతకుముందు పచ్చికాయ, పండు కలిపి దూసి, సంతలో దళారి చెప్పిన ధరకు ఇచ్చేవాళ్ళం. అంజిరెడ్డి గారు పోయిన నాలుగేళ్ళకు, 2017లో, పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. ఆయన అది చూడలేదు. ఎవరి పేరుతోనో కాకుండా మా లోయ పేరుతో అది అమ్ముడవుతున్నందుకు మాకు ఎంత గౌరవంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. సభలో అవకాశముంటే ఈ రెండు ముక్కలు చెప్పండి.

ప్రశ్న అడిగినవారి స్పందన: రసాయనశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇంత విషయం దొరుకుతుందని నేను ఊహించలేదు. ప్రసంగాన్ని మొదటినుంచి మళ్ళీ రాస్తున్నాను. చిత్రపటానికి దండ వేయడం మానము. అది మన మర్యాద. దాని పక్కన నల్లబల్ల ఒకటి పెట్టించమని చెప్పాను. తాడేపల్లి, దుగ్గిరాల పసుపు యార్డు, క్రైస్తవ కళాశాల, మాతుంగా, పుణె, బాలానగర్ అనే వరుసలో ఆయన ప్రయాణం చెప్పి, దిగుబడి లెక్కను ఒక విద్యార్థినితోనే వేయిస్తాను. మిగతా 67 శాతం ప్రశ్న అడిగి, పటాన్‌చెరు మిత్రుల ఊరి సంగతి పేరు చెప్పకుండా వివరిస్తాను. 2002లో ఆగిపోయిన పరీక్షల గురించి తప్పక చెబుతాను.

టీచరుగారు రాసిన వంటబండి సంగతి చెప్పేటప్పుడు, 2012 జనవరిలో నాంది వెలువరించిన పోషకాహార సర్వేను కూడా కలపాలని అనుకుంటున్నాను. 112 జిల్లాల్లో జరిపిన ఆ సర్వేలో, వాటిలో వెనుకబడిన 100 జిల్లాల్లోని ఐదేళ్ళలోపు పిల్లల్లో 42 శాతం మంది ఉండవలసిన బరువుకన్నా తక్కువ ఉన్నారని తేలింది. ఆ నివేదికను విడుదల చేస్తూ నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు ఇది జాతికే సిగ్గుచేటని అన్నారు. ఒక పారిశ్రామికవేత్త అండతో పుట్టిన సంస్థ, దేశం తన పిల్లలను ఎలా చూసుకుంటున్నదో ప్రధానమంత్రి చేతనే ఒప్పించిన ఆ సందర్భం మా విద్యార్థులు తెలుసుకోవాలి. అంజిరెడ్డి గారు ఆ తరువాత పద్నాలుగు నెలలు మాత్రమే జీవించారు.

ఒక్క విన్నపం మిగిలింది. బాలానగర్ పెద్దాయన సభకు స్వయంగా రాగలరా? మదర్ లిక్కర్ గురించి నేను చెబితే పుస్తకంలో చదివింది చెప్పినట్టు ఉంటుంది. మీరు చెబితే చేసిన చేతులు చెప్పినట్టు ఉంటుంది. బస ఏర్పాటు కళాశాల చూసుకుంటుంది.

జవాబు: విశ్రాంత ప్రాసెస్ కెమిస్టు, బాలానగర్

తప్పకుండా వస్తాను మాస్టారూ. ముందురోజు మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి గుంటూరు చేరుకుంటాను. మోకాళ్ళ నొప్పి వల్ల మెట్లు ఎక్కలేను కాబట్టి బస కింది అంతస్తులో ఉంటే చాలు. నా మొదటి షిఫ్టు నాటి నోటుపుస్తకం ఒకటి ఇంట్లో ఉంది. బ్యాచ్ చెడిపోయిన రోజుల్లో రాసుకున్న పేజీలు కూడా అందులో అలాగే ఉన్నాయి. పిల్లలు చేత్తో పట్టుకుని చూడటానికి తెస్తాను. పటాన్‌చెరు మిత్రులకు వీలైతే వారినీ పిలవండి. నా పక్కన కూర్చుంటే బాగుంటుంది.